పిన్ని పేరు చెప్పి కొన్న రికార్డరు

పెళ్ళాం పిన్ని పేరు చెప్పుకుని రికార్డరు కొన్న మొగుడు తిరుపతి ఊరు మొత్తానికి నేనొక్కడినే అయ్యుంటాను. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. చెప్తాను, వినండి.

నాకు కచేరీల పిచ్చి. పిచ్చి అంటే వెళ్ళి వినే పిచ్చి కాదు, ఇంటికి పట్టుకొచ్చుకునే పిచ్చి. ఊళ్ళో ఎక్కడ పాట పెట్టినా టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని పోతాను. ముందు వరుసలన్నీ చందాలిచ్చిన పెద్దమనుషులకు. వాళ్ళు అక్కడ కూర్చుని నిద్రపోతారు. మేలుకుని వినేవాళ్ళం వెనకాల స్తంభం పక్కన. సరిగ్గా రాగం పైకెక్కే చోట నా క్యాసెట్టు 'టక్' మని అయిపోతుంది. దాన్ని తిప్పి పెట్టేలోపు చప్పట్లు. నా దగ్గరున్న ఎనభై క్యాసెట్లలో పూర్తిగా ఉన్నవి చప్పట్లే.

డిజిటల్ రికార్డరైతే నాలుగు గంటలు ఆగకుండా పడుతుందని చదివాను. ఇది రెండు వేల ఏడులో సంగతి. ఆ మాట ఇంట్లో ఎత్తడానికి నెల రోజులు ధైర్యం చాలలేదు. చివరికి నా పెళ్ళాం పంకజాక్షే దారి చూపించింది.

"మామా, నగరి పిన్ని ఈసారి భారతంలో కథ చెప్పి మానేస్తాదంట. ఇంగ నిలబడొద్దని డాక్టరు చెప్పినాడంట. ఆమె గొంతు మన దగ్గర ఒక్క ముక్క లేదు. ఎట్లయినా పట్టాల."

నగరి పిన్ని అంటే చంద్రకాంతమ్మ. చుట్టుపక్కల ఏ ఊళ్ళో భారతం తిరునాళ్ళు పద్దెనిమిది రోజులు పెట్టినా మధ్యాహ్నం హరికథ ఆమెదే. నలభై ఏళ్ళుగా ఆమెదే. తల్లి లేని పంకజాక్షిని ఆ కథల వెంట తిప్పుకుంటూ పెంచింది. "సభలో ద్రౌపది కృష్ణున్ని పిలిచే పాట ఉండాది సూడు, అది పిన్ని పాడితే..." అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని పంకజాక్షి ఇంతవరకూ పూర్తి చెయ్యలేదు.

నేను వెంటనే మొహం గంభీరంగా పెట్టాను.

"పిన్ని గొంతుకి ఈ పాత టేపు పనికిరాదు."

"మరేం పనికొస్తాది?"

"డిజిటల్."

"అది పిన్ని కోసమా, నీ కోసమా?"

"పిన్ని కోసమే. ఒట్టు."

"ఒట్టు పెట్టినావంటే నీ కోసమే," అంది. అయినా సరేనంది.

మా వీధిలో వెంకటరమణ అని ఒకడున్నాడు. మద్రాసు నుంచి రైల్లో సామాన్లు తెచ్చి అమ్ముతాడు. మనిషి కంటే మూట పెద్దది కాబట్టి మూటరమణ అంటాం. అతను రెండు మిషన్లు తెచ్చిపెట్టాడు.

"రెండు దినాలు పెట్టుకో అప్పా. ఏది నచ్చకపోతే అది ఎనక్కియ్యి. రెండూ వద్దన్నావంటే మాత్రం నా మొగం సూడొద్దు."

ఒకటి అగ్గిపెట్టెంత. ఆఫీసుల్లో మాటలు పట్టుకునేది. రెండోది అరచేయంత, నెత్తిన నత్తకొమ్ముల్లాగా రెండు మైకులు. శబ్దం ఎంత రావాలో చిన్న చక్రం తిప్పి మనమే సరిచెయ్యాలి.

రెంటినీ వంటింటి అరుగు మీద పెట్టి పరీక్ష మొదలుపెట్టాను.

"ఏమన్నా మాట్లాడు," అన్నాను.

"ఏం మాట్లాడేది?"

"రోజూ మాట్లాడేదే."

నోరు మూసుకుంది. పన్నెండేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. ఇక లాభం లేదని, "మీ తమ్ముడు..." అని మాత్రం అన్నాను. పదకొండు నిమిషాలు ఆగలేదు. మధ్యలో కుక్కరు రెండు విజిళ్ళు వేసి, పోటీకి తట్టుకోలేక ఊరుకుంది.

తర్వాత రెండూ పెట్టి విన్నాం. అగ్గిపెట్టె తనంతట తనే సర్దుకునే రకం. పంకజాక్షి గొంతు పెంచినప్పుడల్లా భయపడి తగ్గిపోయింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో మాత్రం విజృంభించి, కొళాయిలో కారే నీటిచుక్కని జలపాతం చేసింది.

పంకజాక్షి తీర్పు చెప్పేసింది. "గట్టిగా అంటే అణిగిపోతాది, మనం ఆగితే అప్పుడు లేస్తాది. ఇట్లాంటిది ఇంట్లో ఒకటుండాది మామా. రెండోది ఎందుకు? ఆ కొమ్ములదే తీసుకో."

అట్లా నత్త మా ఇంటికొచ్చింది. నేను దానికి బట్ట సంచి కుట్టించాను. రాబోయే కచేరీల జాబితా రాసుకున్నాను. ఆ జాబితాలో పిన్ని పేరు మొదటిది, తర్వాత పద్నాలుగు.

భారతం నగరికి ఆవల ఒక ఊళ్ళో. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. తాటాకు పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ రోజు కథ ద్రౌపదీ వస్త్రాపహరణం. పంకజాక్షి ఆడవాళ్ళలోకి పోయి కూర్చుంది. నేను ఒక వెదురుగడ వేదిక ముందు పాతి, దానికి నత్తని కట్టి, పక్కనే కాపలా కూర్చున్నాను.

మొదట మైకుసెట్టు దొరస్వామితో తగువు. "నీ జనరేటరు గుర్రుమంటా ఉండాది. దూరం జరుపు," అన్నాను.

"జరిపితే వైరు సాలదబ్బా."

"వైరు పెంచు."

"మీరు చెవులు తగ్గించుకోండి సార్," అన్నాడు.

తర్వాత జనంతో. పిన్ని గోవిందా అనమంటే పందిరి లేచిపోయేట్టు అంటారు, సరే. మిగతా సమయంలోనూ ఊరుకోరే. అటు తిరిగి "ఉష్" అన్నాను, ఇటు తిరిగి "ఉష్" అన్నాను. ఎవడు తుమ్మినా లేచి చూశాను.

చంద్రకాంతమ్మ చిడతలు దించింది. ద్రౌపది రెండు చేతులూ ఎత్తేసింది. పాట ఎత్తుకుంది. పందిరి పందిరంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు నా వెనక, "శెనక్కాయలూ," అని వినిపించింది.

"ఓయమ్మా, దూరం పో," అన్నాను.

"యాడికి పొయ్యేది?" అంది ఆమె. పేరు తిరుమలమ్మంట, తర్వాత తెలిసింది. "ఇరవై ఏండ్లుగా ఈ కథలో ఈడనే అమ్ముతా. నువ్వెవరు?"

"రికార్డు అవతా ఉండాది."

"అయితే నా గొంతు పడకూడదా? ఆయమ్మది గొంతు, నాది గొంతు కాదా?"

నేనూ లేచాను. అది హక్కుల సంగతి, నాకు ఆ విషయంలో మాట తగ్గదు. రెండు నిమిషాలు వాదించాక గానీ పాట వినబడటం లేదని గమనించలేదు.

పిన్ని పాట ఆపేసింది. నా వైపే చూస్తూ, నవ్వుతూ, మామూలు గొంతుతో పిట్టకథ అందుకుంది.

"నాయనలారా, ఆ కౌరవ సభలో భీష్ముడు నోరు మూసుకొనె. ద్రోణుడు నోరు మూసుకొనె. నోరు తెరిచి న్యాయం అడిగింది వికర్ణుడొక్కడు. ఈ సభలో అందరూ బుద్ధిగా కూసోనుండారు. నోరు తెరిచినోడు ఒక్కడే. వాడెవడో కాదు, మా ఇంటి అల్లుడే. ఏం అల్లుడా, ద్రౌపదమ్మకు కోక ఇప్పుడిమ్మంటావా, శెనక్కాయల బేరం తెగినాక ఇమ్మంటావా?"

పందిరి విరగబడి నవ్వింది. తిరుమలమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. పిన్ని మళ్ళీ పాట ఎత్తుకోలేదు. హరికథ ముందుకే పోతుంది. కోకలు వచ్చేశాయి, దుశ్శాసనుడు అలసిపోయాడు, మంగళహారతి అయిపోయింది.

ఇంటికొచ్చి మిషను పెట్టాం. దాన్ని తప్పు పట్టడానికి లేదు. నా "ఉష్"లు నలభై ఒకటీ గాజులాగా తేటగా ఉన్నాయి. తగువులో తిరుమలమ్మ ఎడమ పక్క, నేను కుడి పక్క, పక్కనే కూర్చుని పోట్లాడుతున్నట్టు. చాలా దూరంలో, గోడ అవతల నుంచి వచ్చినట్టు, పిన్ని పాట రెండు వరుసలు.

పంకజాక్షి తిట్టలేదు. లేచి ఆరిన బట్టలు మడతపెట్టింది. అన్నం పెట్టింది. రెండు రోజులు అట్లాగే అన్నం పెట్టింది. తిడితే బాగుండేది. చేతగాని మొగుడికి తిట్లు కూడా ఒక ఆసరా.

మూడో రోజు, "నగరికి పోతాం పద. దాన్ని తీసుకో," అంది.

పిన్ని ఇల్లు మగ్గాల వీధిలో. కరెంటు మగ్గాలు అటు పది, ఇటు పది, టకటకమని గోడలు అదురుతున్నాయి. మైకులు, బ్యాటరీలు, కార్డులు అన్నీ ఆలోచించిన నేను ఇది ఆలోచించలేదు.

"పదింటికి కరెంటు తీసేస్తారు అల్లుడా," అంది పిన్ని, కుర్చీలో కాళ్ళు చాపుకుని. "పన్నెండు దాకా రాదు. నీ మిషను బ్యాటరీతో పలుకుతాది గదా. అప్పుడు పాడతా."

"అయితే నేను ఈడ కూర్చుని..."

"నువ్వు బయట," అంది పంకజాక్షి. "చక్రం నేను తిప్పుతా. బయట ఎవురన్నా సప్పుడు జేస్తే ఆపు. నోటితో కాదు."

పదింటికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీధి అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. కిటికీలోంచి పిన్ని గొంతు మెల్లగా మొదలైంది.

ఒక ఆటో వచ్చింది. ఎదురు పరుగెత్తి నడివీధిలో చేతులు జోడించి నిలబడ్డాను. ఆటో అతను ఇంజను ఆపేసి, "ఎవురన్నా పోయినారా సార్," అని చెవిలో అడిగాడు. తల అడ్డంగా ఊపి కిటికీ చూపించాను. అతను దిగి నా పక్కన నిలబడ్డాడు. నేతగాళ్ళు గడపల్లోకి వచ్చి కూర్చున్నారు.

కృష్ణున్ని పిలిచే పాట దగ్గరికొచ్చేసరికి ఎదురింటి బల్బు భగ్గున వెలిగింది. గంట ముందే కరెంటు వచ్చేసింది. ఇక మగ్గాలు మొదలవుతాయనుకున్నాను. అందరివీ కూలి బతుకులు, మగ్గం ఎంత ఆడితే అంత. అయినా ఎవడూ లేవలేదు. ఎదురింటాయన బీడీ కూడా వెలిగించుకోకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పాట పూర్తిగా అయిపోయాకే మొదటి మగ్గం కదిలింది.

పంకజాక్షి ఆ వాక్యం ఎందుకు పూర్తి చెయ్యలేదో అర్థమైంది. నేనూ చెయ్యను.

లోపలికి పోతే పిన్ని మిషనుని ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"నా గొంతు ఇట్లుంటాదా? ఇన్నేండ్లూ నాకు తెలీనే తెలీదు సూడు," అంది. "అల్లుడా, ఇంగా పదిహేడు దినాల కథ నా కడుపులో ఉండాది. కూసోని పాడితే డాక్టరేమంటాడు? కరెంటు రోజూ పోతాది. ఇది ఈడనే ఉండనీ."

నా పద్నాలుగు కచేరీలూ కళ్ళ ముందు తిరిగాయి. పంకజాక్షి వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూస్తోంది.

"ఉండనీ పిన్నీ," అన్నాను.

తిరుగు బస్సులో జేబులో చెయ్యి పెడితే ఇయర్‌ఫోన్లు తగిలాయి. మిషనుతో వచ్చినవే. చెవులు దురదపెడతాయని పిన్ని వద్దంది. ఊరికే ఉండలేక చెవుల్లో పెట్టుకున్నాను. వైరు రెండో చివర మిషను లేక ఒళ్ళో వేలాడుతోంది.

పంకజాక్షి ఆ చివర చేత్తో పట్టుకుని చూసింది. తర్వాత నా చెవిలోంచి ఒకటి లాగి తన చెవిలో పెట్టుకుంది. పుత్తూరు దాటేదాకా అట్లాగే వింటూ కూర్చుంది.

"కొంచెం పెంచు మామా," అంది అప్పుడు. "బస్సు రొదలో సరిగా వినపడలే."