సారు చూసే వైపు

విత్తనాల కంపెనీ రాజమండ్రి శాఖలో నాయకత్వ శిక్షణ ముగిసిన మర్నాటి నుంచి, మేనేజరు భీమశంకరం గారి తల ఎటు తిరిగితే ఉద్యోగులందరి తలలూ అటే తిరగసాగాయి. జట్టంతా ఒకే దిశలో ఉండాలన్నదే శిక్షణ లక్ష్యం కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇంత తొందరగా ఫలితం కనిపించడం తన అనుభవంలో ఇదే మొదటిసారని శిక్షకుడు మెచ్చుకుని, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు.

సారు తూర్పు చూస్తే, ఊళ్ళో ఎక్కడున్నా అందరూ తూర్పే చూడాలి. ఉద్యోగులు స్కూటర్లు అమ్మేసి ఆటోల్లో రావడం మొదలుపెట్టారు. ఇళ్ళల్లో మంచాలూ కుర్చీలూ సారు ఇంటి టీవీని బట్టి సర్దుకున్నారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ శాఖలో ఉలిపికట్టె అన్నది మిగల్లేదు. పై ఆఫీసు వాళ్ళకి అంతకన్నా కావలసిందేముంది?

చిక్కొచ్చింది డిస్పాచ్ సెక్షన్ హైమావతికి. ఆదివారం సాయంత్రం ఆమె కూతురు కీర్తన మొదటిసారి స్టేజి ఎక్కుతోంది. ఆ హాల్లో స్టేజి దక్షిణం వైపు ఉంది. సారు దక్షిణం చూడరు.

హైమావతి సారు గదిలోకి వెళ్ళి, ఆయనకి వీపు చూపిస్తూ నిలబడింది. సారు తూర్పు చూస్తున్నారు కనుక ఆమె కూడా తూర్పే చూడాలి. ఆ ఆఫీసులో ఇప్పుడు అదే మర్యాద.

"సార్, ఆదివారం మా పాప డాన్సుందండి. ఆ కాసేపూ తమరు దక్షిణం వైపు చూశారంటే, నేనూ చూసేస్తానండి."

మనిషి చెప్పేది అడ్డు రాకుండా వినాలని శిక్షణలో నేర్పారు. సారు పూర్తిగా విన్నారు.

"అయ్యో, పిల్ల డాన్సు చూడకపోతే ఎలాగమ్మా! కానీ నేను దక్షిణం చూస్తే బ్రాంచికి అరిష్టమని వాస్తు సిద్ధాంతి గారు గట్టిగా చెప్పేరు. తూర్పడుగు, ఉత్తరం అడుగు, ఇస్తాను. దక్షిణం మాత్రం కుదరదు" అంటూ తల అడ్డంగా ఊపారు.

హైమావతి తల కూడా అడ్డంగా ఊగింది. అద్దాల తలుపు అవతల ఆఫీసంతా అడ్డంగా ఊగింది.

"చూశావా, నువ్వే వద్దంటున్నావు" అన్నారు సారు ఆప్యాయంగా.

"పోనీ చేతిలో అద్దం పెట్టుకు చూస్తానండి."

"అద్దంలో చూడ్డం జట్టుకి వెన్నుపోటు కిందకొస్తుందమ్మా. రూలు" అని మళ్ళీ ఊపారు. అందరూ ఊపారు. నిర్ణయం ఏకగ్రీవమైంది. అయినా సారు మనసు మంచిది. ఆదివారం సాయంత్రానికి ఉత్తరం మంజూరు చేసి, ఆ సమయానికి ఇంట్లో ఉత్తరపు గోడకి ఎదురుగా కూర్చుంటానని మాట ఇచ్చారు.

ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. హైమావతి మొదటి వరసలో, స్టేజికి వీపు పెట్టి కూర్చుంది. వెనక నుంచి గజ్జెల చప్పుడు వినిపించింది. తొమ్మిది నెలలు మోసిన పిల్ల తన వెనకే ఆడుతుంటే చూడలేకపోతున్నందుకు ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, కనిపిస్తున్న హాలుని చూసింది.

హాలంతా తల్లిదండ్రులే. బ్యాంకు వాళ్ళు గోడ గడియారం వైపు చూస్తున్నారు. ప్లాట్లు అమ్మేవాళ్ళు గుమ్మం వైపు చూస్తున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళందరూ తలలు వంచి ఒళ్ళోకి చూస్తున్నారు. అన్ని చోట్లా శిక్షణ బాగానే జరిగినట్టుంది. పాట ఆగగానే హాలు చప్పట్లతో మారుమోగింది.

కీర్తన మెట్లు దిగి వచ్చింది. అమ్మకి కనిపించాలంటే ఎటు నిలబడాలో ఆ పిల్లకి బాగా తెలుసు. ఉత్తరం వైపుకి నడిచి, చెమట మొహంతో ఎదురుగా నిలబడింది.

"చూడలేకపోయానే తల్లీ" అంది హైమావతి.

"పర్లేదమ్మా. ఎవరూ చూడరు, చూస్తున్నారనుకుని నవ్వుతూ చెయ్యాలని టీచర్ ముందే నేర్పేసింది" అని కీర్తన నవ్వింది.