నూతిలో ఎన్ని నిజాలున్నాయి?

దాహం వేసిన ఊరికి నీళ్ళకన్నా ఇంటర్వ్యూ మేలు. నీళ్ళు తాగితే గంటకి మళ్ళీ దాహం వేస్తుంది. ఇంటర్వ్యూ అలా కాదు. ఒకసారి ఇచ్చామంటే రెండేళ్ళు నిలవుంటుంది.

నమ్మకపోతే శ్రీకూర్మం దిగువన, సముద్రం ఒడ్డు పల్లెలో గున్నమ్మని అడగండి. చేపలకి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, సంతల్లో అమ్ముకునే మనిషి. మూడేళ్ళ కిందట ఊరి వెనక రొయ్యల చెరువులు తవ్వారు. అప్పట్నుంచి ఊరి నుయ్యి ఉప్పెక్కింది. పప్పు ఉడకడం మానేసింది. టీలో పాలు పోస్తే విరుగుతున్నాయి. గున్నమ్మ మూడు కిలోమీటర్లు నడిచి రెండు బిందెలు మోసుకొస్తోంది. ఆమెకి కావలసింది ఒక్క కుళాయి. పంచాయతీ ఆఫీసులో అడిగితే, నీళ్ళ మీద రిపోర్టు వచ్చాక చూద్దామన్నారు.

అదృష్టం చూడండి, రిపోర్టు రాసే పిల్లే ఊళ్ళోకి నడిచొచ్చింది. పేరు సుహాసిని, విశాఖలో పరిశోధన చేస్తోంది. నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి మిషన్లో పెట్టే పాతకాలపు రకం కాదు.

"లెక్కల్లో మనిషి కనపడడమ్మా. నాది క్వాలిటేటివ్ రీసెర్చ్. నిజం అనేది ఒక్కటే ఉండదు. ఎవరి అనుభవం వాళ్ళ నిజం," అంది.

ఎంత గొప్ప మాట! ఇన్నాళ్ళూ ఊరికి ఒక్కటే నుయ్యి అనుకుని బతికారు పాపం. మనిషికో నుయ్యి ఉందన్నమాట. గునపం పట్టకుండా, గోతిలో దిగకుండా ఇన్ని నూతులు తవ్వి పెట్టిన శాస్త్రం ఇంకోటుందా?

"ఆ ఉప్పుదనం మీకెలా అనిపిస్తుందమ్మా?" అని అడిగింది సుహాసిని.

"ఉప్పగనిపిస్తాది."

"అది కాదు. మీ జీవితంలో ఉప్పుకి అర్థం ఏమిటి?"

గున్నమ్మ ఎండబెట్టిన చేపని తిరగేసింది. "సేపకైతే మంచిది. మనిసికి కాదు."

ఇక్కడే ఊరు పొరపాటు చేసింది. బయటి మనిషి వచ్చి ఏదడిగినా ఊరంతా ఒకటే మాట చెప్పాలని ఆ పల్లె కట్టుబాటు. ముందురోజే ఊరిపెద్ద ఎర్రన్న అందర్నీ కూర్చోబెట్టి మాట ఖాయం చేశాడు. "నుయ్యి ఉప్పు. కులాయి కావాల. ఇంతకు మించి ఎవులూ నోరిప్పొద్దు." మాట తప్పినవాడి వల లాగడానికి ఇంకెవరూ చెయ్యి వెయ్యరు. అందుకని ఇంటింటా అదే మాట, అదే వరసలో చెప్పారు.

పన్నెండో ఇంటికి సుహాసిని పుస్తకం మూసేసింది. కొత్త మాట రావడం ఆగిపోతే దాన్ని సాచురేషన్ అంటారట. ఇంక ఎవర్నీ అడగనక్కర్లేదు. తక్కిన ఇళ్ళ దాహం అడక్కుండానే తెలిసిపోయింది. చదువంటే అదీ!

తర్వాత చెరువుల ఆసామి గణపతిరావు దగ్గరికి వెళ్ళింది. ఆయనకి ఊరి కట్టుబాటు లేదు.

"నీళ్ళకేటమ్మా, బాగానే ఉన్నాయి. పొద్దస్తమానం ఉప్పుసేపలు తినీవోళ్ళు కదా. ఉప్పు నూతిలో లేదు, ఆళ్ళ నాలిక మీద ఉన్నాది," అన్నాడాయన.

సుహాసిని కళ్ళు మెరిశాయి. రిచ్ డేటా అంటే ఇదట. మళ్ళీ రెండుసార్లు వెళ్ళి, ఆయన నాలుక మీది మాటలన్నీ రికార్డు చేసుకుంది.

ఆరు నెలలకి రిపోర్టు వచ్చింది. పంచాయతీ ఆఫీసులో చదివి వినిపించారు. ఊరి మాటకి ఒక్క వాక్యం. చెప్పింది ఒక్క మాటే కాబట్టి అందులో అన్యాయమేముంది? గణపతిరావుకి పదకొండు పేజీలు. చివర్న, ఈ ఊళ్ళో ఉప్పు గురించి రెండు నిజాలున్నాయని, ఏదీ రెండోదానికి తీసిపోదని, మరింత పరిశోధన జరగాలని రాసుంది. ఆఫీసువాళ్ళు స్థిమితపడ్డారు. రెండు నిజాలకి ఒక గొట్టం ఎలా వేస్తారు చెప్పండి?

ఎర్రన్న తల పట్టుకున్నాడు. "ఒక్క మాటే సెప్పమని నానే అన్నాను. ఊరిని నానే ముంచీసినాను."

"నువ్వేటి ముంచినావు మావా? ఉన్నదొకటే అయితే పది రకాలుగా ఎలగ సెప్తాం?" అంది గున్నమ్మ. "ఈపాలి నా మాట నాకొగ్గీ, నాకు తోసినట్టు సెప్తాను."

మొన్న రెండో పరిశోధన వచ్చింది. ఈసారి పృథ్వీరాజ్ అనే కుర్ర లెక్చరరు. పది ఇళ్ళలో ఉప్పు, ఉప్పు అని విని, ఆవులింతలు ఆపుకుంటూ గున్నమ్మ వాకిట్లోకి వచ్చాడు.

"నుయ్యి ఎలా ఉందమ్మా?"

"తియ్యగున్నాది బాబూ. కొబ్బరినీళ్ళే అనుకో."

ఆవులింత ఎగిరిపోయింది. ఊరంతా ఒక దారి, ఈమె ఒక్కతే ఇంకో దారి! ఎంత తియ్యగా, ఎప్పట్నుంచి, ఆ తీపితో ముడిపడ్డ జ్ఞాపకాలేమైనా ఉన్నాయా? పేజీ తిప్పి అడుగుతూనే ఉన్నాడు.

గున్నమ్మ లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "సెప్పడం నాకు రాదు. తాగి సూడు."

ఇన్నాళ్ళకి ఆ నూతినీళ్ళు నోట్లో పోసుకున్న మొదటి పరిశోధకుడు అతడే. పెద్ద గుక్కే పట్టాడు. పెన్ను జారి కిందపడింది. మర్యాదకి ఉమ్మలేడు, ప్రాణానికి మింగలేడు. బుగ్గలు ఉబ్బించుకుని నిలబడిపోయాడు.

గున్నమ్మ నవ్వలేదు. వంగి పెన్ను తీసి, చెంగుతో తుడిచి అతడి చేతిలో పెట్టింది.

"ఉమ్మీసి రాసుకో బాబూ. నాను సెప్పింది కాదు. నీ నోట్లో ఉన్నాది సూడు, అది రాయి."