పెద్దకోడలి మొహం మీద కట్టు

ఆ రోజు పొద్దున కత్తెరమ్మ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి. పదికల్లా కుట్టుగదికి తిరిగొచ్చి, ఆపరేషన్ థియేటర్‌కి పన్నెండింటికి పంపాల్సిన పదహారు పచ్చదుప్పట్లకి అంచులు కుట్టాలి. రెండింటికి సీరియల్ చూడాలి. ఇందులో ఏ ఒక్క పనికీ ఎవరి సాయమూ అక్కర్లేదని ఆవిడ గట్టి నమ్మకం.

కుట్టుగది ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే మిషన్ల గదికి ఆనుకుని ఉంటుంది. చిరిగిన దుప్పట్లు, బొత్తాలూడిన చొక్కాలు, నాడాలు తెగిన పైజమాలు అన్నీ అక్కడికే వస్తాయి. మెడలో తాడుకి కత్తెర వేలాడేసుకుని తిరుగుతుంది కనక ఆవిడ కత్తెరమ్మ. పక్క మిషను మీద ఇన్నేళ్ళుగా బొత్తాలు కుడుతున్నావిడ బొత్తాలమ్మ. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. వరస ఎలా కలిసిందో ఇద్దరికీ తెలీదు.

ఆ గదిలో ఓ చిక్కుంది. కుట్టుమిషన్లన్నీ కిటికీ వెలుతురుకి ఎదురుగా ఉంటాయి, టీవీ వెనక గోడకి ఉంటుంది. టీవీకి ఎదురుగా ఉన్నది ఒక్కటే కుర్చీ, అది గదికి పెద్దగా ఉన్నవాళ్ళది. అందులో పెద్దమ్మ కూర్చుంటుంది. తక్కినవాళ్ళు మాత్రం ‘నాలుగు గుమ్మాల ఇల్లు’ సీరియల్‌ని మొదటినుంచీ మెడ తిప్పే చూస్తున్నారు. కత్తెరమ్మ మెడ ఇప్పుడు ఎడమవైపుకే తిరుగుతుంది. కుడివైపు నుంచి పిలిస్తే మనిషంతా తిరగాలి.

పెద్దమ్మ ఈ నెలాఖరుకి వెళ్ళిపోతోంది. కుట్టుపనిలో ఇరవై అయిదేళ్ళు నిండినవాళ్ళని, వాళ్ళ కళ్ళ మీది దయతో, ఇంటికి పంపేయాలని ఆసుపత్రి నియమం. గదికి పెద్దగా ఉన్నవాళ్ళకి మాత్రం ఒక ఏడాది అదనం, పెద్దమ్మకి అదీ అయిపోతోంది. ఆవిడ తరవాత కుర్చీ ఎక్కేది ఎవరు ముందు చేరితే వాళ్ళు. కత్తెరమ్మకి ఆ కుర్చీ కావాలి. జీవితంలో ఇంకేమీ అడగలేదు తను, ఒక్కసారి తల తిప్పకుండా సీరియల్ చూడాలి, అంతే.

బొత్తాలమ్మ తన ఉద్యోగపు కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది. దాని మీద తేదీ ఉంది. లెక్కేస్తే ఇరవై నాలుగేళ్ళు. కత్తెరమ్మ కాగితమూ ఉంది కాని, చేరిన కొత్తల్లో దాన్ని చొక్కా కాలర్‌కి కొలతగా కత్తిరించింది. మంచి మందపాటి కాగితం మరి. ఆ కాలర్ ముక్క మీద ఇప్పటికీ ‘చేరవలెను’ అని స్పష్టంగా కనిపిస్తుంది. ఎప్పుడు చేరవలెనో మెడ వంపులో పోయింది. ఆఫీసు రిజిస్టరు చూద్దామంటే, గొట్టం పగిలి నీళ్ళు కారిన ఏడాది అది తడిసి ఇటుకలా గట్టిపడింది.

అయినా ఆవిడకి బెంగ లేదు. ఆ గదిలో క్యాలెండరుని సెలవుల కోసమే చూస్తారు. తక్కిన కాలమంతా పెద్దకోడలి లెక్క. సీరియల్లో పెద్దకోడలి వేషం ఇప్పటికి ముగ్గురు వేశారు. కత్తెరమ్మ కొడుక్కి టైఫాయిడ్ వచ్చింది రెండో ఆవిడ కాలంలో, వాడి పెళ్ళయింది మూడో ఆవిడ వచ్చిన ఏడాది. మొదటావిడ మానేసినప్పుడు కథలో కారు ప్రమాదం పెట్టి, మొహానికి కట్టు కట్టి, విప్పేసరికి రెండో ఆవిణ్ణి చూపించారు. మూడో ఆవిడకి ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. మెట్లెక్కిన మనిషి వేరు, దిగిన మనిషి వేరు. మొగుడు ఆ కొత్త మొహంకేసి చూసి కాఫీ అడిగాడు, ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మనిషి మారినప్పుడల్లా కుట్టుగదిలో అన్నం సహించేది కాదు. అప్పుడు ధైర్యం చెప్పేది కత్తెరమ్మే. “రెండు వారాలు ఓపిక పట్టండి, అలవాటైపోతుంది,” అనేది. అలాగే అయ్యేది కూడా.

తను చేరింది కట్టు విప్పిన రోజున. అది ఆవిడకి నిన్నటిలా గుర్తుంది. ఆ సంగతే కాగితం మీద రాసి తీసుకెళ్ళింది.

పరిపాలనాధికారి సన్నటి మనిషి, సీరియల్ ఏనాడూ చూసి ఎరగడు. కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. నవ్వలేదు. ఆయన ఉద్యోగంలో ఇంతకన్నా బలహీనమైన సాక్ష్యాలు చాలా చూశాడు.

“రిజిస్టరు లేదు, సీరియల్ ఉంది. సరే, సీరియల్ ప్రకారమే వెళ్దాం. బొత్తాలమ్మ చేరింది కొత్త కోడలు వచ్చిన వారానికి. మీరు కట్టు విప్పిన రోజునే చేరారంటే మీరే ముందు. కాని మీరు చెబితే చాలదు. చూసినవాళ్ళు చెప్పాలి,” అన్నాడు.

ముందు బొత్తాలమ్మని పిలిచారు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, కాని కుర్చీ ఆవిడకీ కావాలి. తను చేరిన రోజున పక్క మిషను మీద వదిన ఉందో లేదో నిజంగా గుర్తులేదని, ఆ వారమంతా తను కొత్త మొహాన్నే చూస్తూ ఉండిపోయానని చెప్పింది. పెద్దమ్మని అడిగితే, కత్తెరమ్మ వచ్చిన రోజున గదిలో అందరూ టీవీ ముందే నిలబడి ఉన్నారని, అయితే అలాంటి రోజులు ఏడాదికి నలభై ఉంటాయని అంది. బట్టలుతికే మిషనాయన్ని పిలిపించారు. ఆయన మిషన్లు ఆపి వచ్చాడు. కట్టు విప్పిన రోజు తనకి బాగా తెలుసు, ఆ రోజు మంగళవారం అన్నాడు. వెంటనే వంటగది పెద్ద వచ్చి, కాదు శుక్రవారం, శుక్రవారం కాకపోతే కట్టు విప్పరు, రెండు రోజులు జనాన్ని వేలాడదీయడానికే విప్పుతారు అంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. కాని పెద్దకోడలి గురించి విచారణ జరుగుతోందని తెలిసి పొయ్యి కట్టేసి వచ్చింది.

పదకొండింటికి లిఫ్టాయన కూడా వచ్చాడు. ఆయన మొదటావిడ అభిమాని. మొదటావిడ వెళ్ళాక అది అసలు సీరియలే కాదని, తను ఇరవై నాలుగేళ్ళుగా కేవలం అలవాటు కొద్దీ చూస్తున్నానని సాక్ష్యం చెప్పాడు. రెండో ఆవిడ ఏడిస్తే ఏడ్చినట్టుండేదని వంటగది పెద్ద అంది. మొదటావిడ ఏడవక్కర్లేదు, తలుపు దగ్గర నిలబడితే చాలన్నాడు లిఫ్టాయన. మూడో ఆవిణ్ణి ఎవరూ వెనకేసుకు రాలేదని మిషనాయన మనసు కష్టపెట్టుకున్నాడు. పరిపాలనాధికారి గోడ మీది తెల్లబోర్డు తుడిచి మూడు గడులు గీశాడు. వాటికి ‘పూర్వ కోడలు’, ‘మధ్య కోడలు’, ‘ప్రస్తుత కోడలు’ అని పేర్లు పెట్టి, ఎవరి మాట ఏ గడిలోకి వస్తుందో రాయసాగాడు.

ఇంతలో ఆసుపత్రి తన దారిన తాను నడవడం మానేసింది. మిషన్లు ఆగాయి కనక ఉతికిన బట్టలు లేవు. పొయ్యి ఆగింది కనక మూడో వార్డులో భోజనం లేదు. లిఫ్టు ఆగింది కనక ఆపరేషన్‌కి వెళ్ళాల్సిన ఒక రోగి, సరిగ్గా ఆ ఆఫీసు గుమ్మం ముందు స్ట్రెచర్ మీద ఉండిపోయాడు. ఆయనకి చెయ్యాల్సింది హెర్నియా. కాసేపు విన్నాక, పడుకునే చెయ్యెత్తి, తను రెండో ఆవిడ పక్షమని చెప్పాడు. అధికారి ఆ మాట కూడా మధ్య గడిలో రాసుకున్నాడు.

పన్నెండున్నరకి సర్జన్ కిందికి దిగి వచ్చాడు, మెట్ల మీదుగా. పెద్దాయన, మితభాషి.

“పచ్చదుప్పట్లు రాలేదు. రోగీ రాలేదు,” అన్నాడు.

రోగి గుమ్మం దగ్గరే ఉన్నాడని, దుప్పట్లు కుట్టాల్సినావిడ విచారణలో ఉందని చెప్పారు. విచారణ దేని గురించని అడిగాడు సర్జన్. అధికారి బోర్డు చూపించి క్లుప్తంగా వివరించాడు. సర్జన్ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఏ కట్టు?” అన్నాడు చివరికి.

గదిలో అందరూ ఆయనకేసి చూశారు.

“కట్టు రెండుసార్లు కట్టారు. నేనప్పుడు ఇక్కడ చదువు ముగించి కొత్తగా చేరాను. మొదటిసారి మొదటావిడ జీతం దగ్గర పేచీ పెట్టి మానేస్తానంది. ఎందుకైనా మంచిదని ముందే మొహానికి కట్టు కట్టి కూర్చోబెట్టారు. తరవాత రాజీ కుదిరింది. ఏడాది పోయాక నిజంగానే మానేసింది, మళ్ళీ కట్టారు. మొదటిసారి కట్టింది పరమ దరిద్రం. చెవులు రెండూ మూసేశారు, అయినా ఆవిడ పక్కగదిలో మాటలన్నీ వినేది. నేను చానల్ వాళ్ళకి ఉత్తరం రాశాను. వచ్చేసారి సరిగ్గా కడతామని, కట్టు విప్పిన రోజునే జవాబిచ్చారు. కట్టారు కూడా. రెండోసారి చెవులు బైటికే ఉన్నాయి. ఆ జవాబు నా గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను.”

అధికారి కలం మూత తీశాడు. కత్తెరమ్మకేసి తిరిగి, చేరిన రోజున కట్టు ఎలా ఉందో ఆలోచించి చెప్పమన్నాడు. ఇక్కడ ఆవిడ ఆలోచించి ఉండాల్సింది. కాని పొద్దుటినుంచీ తన జ్ఞాపకాన్ని నలుగురూ నాలుగు వైపులా లాగుతుంటే ఆవిడ ప్రాణం విసిగిపోయి ఉంది. ఒక్కరైనా తన మాట నమ్మాలని ఉంది. పైగా ఇప్పుడు ఆ రోజు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

“చెవులు మూసే కట్టారు సార్. నేను సంచీ కింద పెడుతున్నాను, సరిగ్గా అప్పుడే విప్పారు. విప్పితే పాత మొహమే. మచ్చ కూడా లేదు. ఈ మాత్రానికి ఇన్నాళ్ళు కట్టెందుకు కట్టారే అని పెద్దమ్మ నాతోనే అంది. నాతో అన్న మొదటి మాట అదే. కావాలంటే అడగండి.”

“అన్నాను,” అంది పెద్దమ్మ. “ఇప్పుడు గుర్తొచ్చింది. దీనితోనే అన్నాను.”

వంటగది పెద్ద చప్పట్లు కొట్టింది. కత్తెరమ్మ గెలిచింది. బొత్తాలమ్మ కన్నా వారం కాదు, ఏడాది పైచిలుకు ముందు. బొత్తాలమ్మ లేచి వచ్చి, కుర్చీ నీదే వదినా అంటూ చెయ్యి పట్టుకుంది. సర్జన్ గదినుంచి ఫ్రేము తెప్పించారు. అధికారి జవాబు మీది తేదీ చూసి, బోర్డు మీద తీసివేత లెక్క చేశాడు. మరోసారి చేశాడు. తరవాత బీరువాలోంచి నియమాల పుస్తకం తీశాడు.

“ఇరవై అయిదేళ్ళ రెండు నెలలు. ఇరవై అయిదు నిండితే ఇంటికి పంపాలి. మీరు రెండు నెలల కిందటే వెళ్ళిపోయి ఉండాలమ్మా,” అన్నాడు. ఆయన గొంతులో కొంచెం బాధ ఉంది. ఇంత పక్కా సాక్ష్యం దొరకడం ఆయన సర్వీసులో ఇదే మొదటిసారి.

తను పొరబడి ఉండొచ్చని, చెవులు బైటికే ఉన్నాయేమోనని కత్తెరమ్మ చిన్నగా అంది. కాని అప్పటికి అది అయిదుగురు సాక్షుల సంతకాలతో ఫైల్లో చేరిపోయింది. స్ట్రెచర్ మీద ఉన్నాయన కూడా సంతకం పెట్టాడు. కత్తెరమ్మ ఆ రోజే పదహారు దుప్పట్లకీ అంచులు కుట్టి ఇచ్చి, సంచీ సర్దుకుంది. సీరియల్ చూడలేదు.

ఇంట్లో టీవీ ఎదురుగానే ఉంది. వారం రోజులు తల తిప్పకుండా చూసింది. ఎవరూ పక్కనుంచి నోరు చేసుకోరు, ఎవరూ మొదటావిణ్ణి తలుచుకోరు. ఏడుపొచ్చింది, అది సీరియల్ వల్ల కాదు. వారం గడిచాక, మెడలో ఉన్నది ఆసుపత్రి కత్తెరని గుర్తొచ్చి, ఇచ్చేసి వద్దామని బయల్దేరింది.

కుట్టుగదిలో తన మిషను ముందు ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది. పెద్దమ్మ ఇంకా వెళ్ళలేదు కాని, కుర్చీ మాత్రం అలవాటు కోసం బొత్తాలమ్మకి ఇచ్చేసి స్టూలు మీద కూర్చుంది. కత్తెరమ్మ తాడు తీసి ఇస్తే కొత్తావిడ మర్యాదగా అందుకుని, ఇంకెక్కడ పెట్టుకోవాలో తోచక మెడలో వేసుకుంది.

ఇంతలో మిషనాయన బుట్ట తోసుకుంటూ లోపలికొచ్చాడు.

“కత్తెరమ్మా, పచ్చదుప్పట్లు ఎన్నింటికిస్తావ్?” అన్నాడు తలెత్తకుండానే.

కత్తెరమ్మ నోరు తెరిచింది.

“పన్నెండింటికి ఇస్తాలెండి,” అంది కొత్తావిడ.

ఆయన వెళ్ళిపోయాడు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. బొత్తాలమ్మ ఒక్కతే చూసింది. కుర్చీలో కాస్త పక్కకి జరిగి, వదినకి సగం చోటిచ్చి, చెయ్యి నొక్కింది.

“రెండు వారాలు ఓపిక పట్టు వదినా, అలవాటైపోతుంది,” అంది.

అందులో ఒక వారం అప్పటికే అయిపోయింది.