ఏవండీ అంటే ఎవరండీ?

కుక్కపిల్ల లేని ఇంట్లో మనిషికి చెవులుండీ దండగ! ఈ మాట ఊరికే అనడం లేదు. అనుభవం మీద, చెవుల్లో దూది పెట్టుకుని మరీ అంటున్నాను.

మా అమ్మాయి ఒకదాన్ని తెచ్చింది. ఒళ్లు అరచేతిలో ఇమిడేంత. గొంతు మాత్రం రైలింజనుది. అది దేన్ని చూసి మొరుగుతుందని అడక్కండి. దేన్ని చూసి మొరగదో అడగండి, తొందరగా చెప్పేస్తాను. కుక్కర్ విజిల్ వేస్తే మొరుగుతుంది. వేయకపోతే, ఎందుకు వేయలేదని మొరుగుతుంది. చీపురంటే పడదు. అద్దంలో ఉన్న కుక్కంటే అసలే పడదు. మొన్న తనే తుమ్మి, ఎవరా తుమ్మిందని గదిగదీ తిరిగి మొరిగింది.

ఇంత అప్రమత్తత మనలో ఎవరికైనా ఉందా?

లాభాలు చూడండి. నాలుగు రోజులుందామని వచ్చిన మా బావమరిది, భోంచేసి చెయ్యి కడుక్కుంటూనే "బావా, అర్జెంటు పని తగిలింది" అని చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటే దొరికింది. రెండోది కుక్కపిల్ల నోట్లో ఉంది. అయినా ఆగలేదు! పై అంతస్తు ఆయన ఏళ్ల తరబడి మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు రోజూ వచ్చి తలుపు కొడుతున్నాడు. తిట్టడానికేలెండి. అయినా పలకరింపు పలకరింపే కదా!

ఇంట్లో శాంతి మాటేమిటంటారా? నేనూ మా ఆవిడా పోట్లాడుకుని చాలా కాలమైంది. పోట్లాటకి ఒకరి మాట ఒకరికి వినపడాలి కదా!

నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి, ఫ్యాన్లూ మోటార్లూ రిపేరు చేసుకుని బతుకుతున్నవాణ్ణి. జబ్బుల పేర్లు నాకేం తెలుస్తాయి? మా అమ్మాయే చెప్పింది.

"దానికి సపరేషన్ యాంగ్జయిటీ నాన్నా."

"అంటే?"

"ఇంట్లోవాళ్లు బయటికెళ్తే బెంగ పెట్టుకుని మొరుగుతుంది."

"మరి పొద్దున నేను షాపుకెళ్తే కిక్కురుమనదేం?"

"నువ్వెళ్తే హాయిగా పడుకుంటుందిలే!"

జబ్బుక్కూడా మనిషీ మనిషికీ తేడా తెలుసన్నమాట!

ఇక దాని పేరు సంగతి. అమ్మాయి ఇంగ్లీషు పేరేదో పెట్టింది. మా ఆవిడకి నోరు తిరగలేదు, కుక్కకి చెవి తిరగలేదు. అది మొరిగినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి నన్ను కేకేసేది. "ఏవండీ! దాని నోట్లో ఓ బిస్కెట్ పడేయండి!" వెర్రివాణ్ణి, పడేసేవాణ్ణి. 'ఏవండీ' అని వినపడగానే బిస్కెట్ వస్తోంది, వచ్చిన బిస్కెట్ తన నోట్లోనే పడుతోంది. చిన్న బుర్రే అయినా సంగతి పట్టేసింది. ఏవండీ అంటే తనేనని తేల్చుకుంది!

ఇప్పుడు ఆ పిలుపు వినపడితే చాలు, మొరగడం ఆపి తోకూపుకుంటూ పరిగెడుతుంది. నేను మోకాళ్లు పట్టుకుని లేచేసరికి అది అక్కడ హాజరు.

కుక్కల ట్రైనర్‌ని పిలిపించాం. 'ఏవండీ' అనగానే అది పరిగెత్తుకు రావడం చూసి ఆయన మురిసిపోయాడు.

"పలికే పేరు మార్చకూడదు సార్, కన్‌ఫ్యూజ్ అవుతుంది."

"మరి నేను అవ్వనా?"

"పెద్దవారు కదా, మీకు అలవాటైపోతుంది సార్."

ఆయన వెళ్లాక మా ఆవిణ్ణి నిలదీశాను. "మరి నన్నేమని పిలుస్తావు?"

"మిమ్మల్ని పిలవడమెందుకు? ఎదురుగానే ఉంటారుగా!"

ఇప్పుడు మా ఇంట్లో మర్యాద చూసి తీరాలి. "ఏవండీ, పాలు తాగారా?" "ఏవండీ, చలేస్తోందా?" ఏవండీ అన్నాక 'తాగావా' అంటే అతకదు కదా, కుక్కనైనా మన్నించక తప్పదు! పెళ్లయిన కొత్తలో కూడా నాతో అంత మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు. మొదట్లో నేనూ పలికేవాణ్ణి. "మిమ్మల్ని కాదు" అనిపించుకునీ అనిపించుకునీ మానేశాను.

నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. "ఏవండీ!" అని వంటింట్లోంచి పిలుపు. కదల్లేదు. "ఏవండీ, మిమ్మల్నే!" మళ్లీ పిలుపు. తోక చప్పుడు లేదు. సోఫా కింద చూశాను, మంచం కింద చూశాను. కుక్క లేదు! అమ్మాయి వాకింగ్‌కి తీసుకెళ్లినట్టుంది.

అంటే పిలుస్తున్నది నన్నే!

చొక్కా సర్దుకున్నాను. జుట్టు దువ్వుకున్నాను. పెళ్లిచూపులకొచ్చినవాడిలా వంటింటి గుమ్మంలో నిలబడి, "చెప్పు" అన్నాను.

మా ఆవిడ గిన్నెలో పాలు పోసుకుని ఇటు తిరిగింది. నా కాళ్ల వెనక చూసింది. గుమ్మం బయట చూసింది.

"అదింకా రాలేదేంటండీ?"

విన్నారా? చివర్న 'అండీ' ఉంది! ఆ సమయానికి కుక్క ఇంట్లో లేదు. కాబట్టి ఆ అండీ నూటికి నూరు పాళ్లూ నాదే.

అయ్యా, అమ్మా, మీకో దండం. ఈ 'అండీ' ముక్క మనసులోనే చదువుకోండి. పైకి చదవకండి.

అది నేర్చేసుకుంటుంది.