ఏకగ్రీవంగా పనిచేయని బటన్

అందరికీ స్వేచ్ఛ ఉన్నచోట పనికి కూడా స్వేచ్ఛ ఉంటుంది. జరగాలో వద్దో దాని ఇష్టం. ఈ మహత్తర సూత్రాన్ని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ సంఘం తన వెబ్‌సైటును తిరగరాసే సందర్భంలో నిస్సందేహంగా నిరూపించింది. (కంప్యూటర్‌లోని అక్షరాలను చూపులేనివారికి పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఎవరైనా మార్చవచ్చు. అంచేత ఎవరూ ముట్టుకోరు.)

సంఘం సైకిల్ షాపు మీది గదిలో సమావేశమయ్యేది. నోటిమాట చెల్లదని నియమం కాబట్టి, సభ్యులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ల్యాప్‌టాపుల్లో ఒకరికొకరు రాసుకునేవారు. చేయబోయేది పునర్నిర్మాణమా, పునరుద్ధరణా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం అన్న పేరులో పెత్తనం ధ్వనిస్తోందని ఇంకో ఉపసంఘం వేశారు. పేజీ ఖాళీగా ఉంటేనే అందమనే డిజైనర్‌ని అందరూ ‘తెల్లజాగా’ అంటారు. పాత సైటులో కామా కదిపినా ఒప్పుకోని ప్రోగ్రామర్ పేరు ‘పాతకాపు’. ఇద్దరికీ క్షణం పడదు. వీళ్ళకు సర్దిచెప్పడంతోనే కన్వీనర్ గారికి చేతినిండా పని.

ఈలోగా చూపు మందగించిన ఒక టీచరమ్మ కూతురిచేత సంఘం సైటులోని చర్చావేదికలో ఒక మాట రాయించింది: “డౌన్‌లోడ్ బటన్ పనిచేయడం లేదు.” పిల్లల పేపర్లు కూతురు చదివి వినిపిస్తే ఆవిడ దిద్దుతోంది. ఇలాగైతే ఆ ఉద్యోగమేదో కూతురికే ఇచ్చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూనే చెప్పిందట. బడి తెరిచేలోగా సాఫ్ట్‌వేర్ చేతికి రాకపోతే ఆ నవ్వు ఉత్తర్వు అవుతుంది.

తెల్లజాగా ఆ మాట కింద ‘ప్లస్ వన్’ అని పెట్టాడు. (సంఘం భాషలో దానికి ‘నాకూ అంతే’ అని ఒక అర్థం, ‘నా ఓటు దీనికే’ అని ఇంకో అర్థం. ఏది ఎప్పుడో తేల్చాల్సిన ఉపసంఘం ఇంకా కూర్చోలేదు.) పాతకాపూ పెట్టాడు. బటన్ ఎవరికీ పనిచేయడం లేదు గనక అందరూ పెట్టారు. సంఘం పుట్టాక అందరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. కన్వీనర్ గారికి కళ్ళు చెమర్చాయి. ‘డౌన్‌లోడ్ బటన్ పనిచేయడం లేదు’ అన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గిందని ప్రకటించారు.

ఇక కొత్త సైటు చకచకా తయారైంది. తెల్లజాగా ముచ్చటైన బటన్ గీశాడు. నొక్కితే ఏమీ జరగకుండా పాతకాపు దగ్గరుండి చూసుకున్నాడు. విషయం తెలిసి టీచరమ్మ కన్వీనర్ గారికి ఫోన్ చేసింది.

“బాబూ, పనిచేయడం లేదని మీరంతా ఒప్పుకున్నారు కదా. మరి బాగుచేయరేం?”

“ఒప్పుకోలేదమ్మా, ఆమోదించాం. ఇప్పుడు బాగుచేస్తే తీర్మానాన్ని ధిక్కరించినట్టవుతుంది.”

“మరి నా ఉద్యోగం పోతుంది కదయ్యా.”

“దాని మీద వేరే చర్చ పెట్టించండి. మేమంతా కింద ప్లస్ వన్ పెడతాం.”

(ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. కానీ ఒళ్ళుమంటకు వేరే చర్చావేదిక ఉందట.)

బడి తెరిచిన రోజే కొత్త సైటూ తెరుచుకుంది. టీచరమ్మ కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు. సంఘానికి ఐకమత్యం నేర్పినందుకు ఆవిడకు ప్రశంసాపత్రం పంపారు. గీసింది తెల్లజాగాయే: తెల్లటి కాగితం మీద లేత బూడిదరంగు అక్షరాలు, అదీ చీమల్లాంటివి. ఎన్నాళ్ళైనా జవాబు రాలేదు. కనీసం చదివినట్టు కూడా లేదని కన్వీనర్ గారు కాస్త నొచ్చుకున్నారు.