నాలుగో పాఠం

ఆ రోజు పొద్దున్న గుమాస్తా పెట్టుకున్న ప్రణాళిక చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, జావాలో ఒక్క ప్రోగ్రామైనా సొంతంగా రాయాలి, అంతే. "నెలాఖరుకల్లా జావా రానివాళ్ళు ఇంటికే" అని మేనేజరు చెప్పినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. పైగా నిన్న మేనేజరు ఆయన చేతే ఒక ఉద్వాసన ఉత్తరం టైపు చేయించాడు. పేరుండాల్సిన చోట ఖాళీ వదిలేయమన్నాడు. ఆ ఖాళీ తన కోసమేనని గుమాస్తాకు గట్టి అనుమానం.

జావా నేర్పించే పూచీ నాదంటూ బావమరిది ముందుకొచ్చాడు. కొంప మునిగింది అక్కడే. మొదట దిండంత లావు పుస్తకం తెచ్చాడు. మూడు పాఠాలయ్యేసరికి, "అది పాతది బావా, ఇది చదువు" అని సన్న పుస్తకం చేతిలో పెట్టాడు. అది సగంలో ఉండగానే, "ఈ రోజుల్లో పుస్తకాలేంటి బావా? వీడియోలు చూడు" అన్నాడు. "వాడు నా తమ్ముడు కాబట్టే చెప్తున్నా, వాడి మాట వినకండి" అని భార్య మొత్తుకుంది. వింటేగా!

ఖాళీలో వరసగా పేర్లు నింపి ఉత్తరాలు తయారుచేసే ప్రోగ్రాం రాయమంది సన్న పుస్తకం. చేతికందిన ఖాళీ ఉత్తరం ఆ ఉద్వాసన ఉత్తరమే. పాపం, ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు. అందరికంటే పైన తన పేరే రాసుకుని, కింద క్యాషియరమ్మ నుంచి మేనేజరు దాకా అందరి పేర్లూ, పుస్తకం చెప్పినట్టే పక్కన ఈమెయిళ్ళూ చేర్చాడు. ఒకటో పేరు నుంచి మొదలుపెట్టమని ప్రోగ్రాంకు చెప్పాడు. చివరి నాలుగు లైన్లూ రాక, వీడియోలోంచి మక్కీకి మక్కీ దింపేశాడు. ఉత్తరాలు తెర మీద కనిపిస్తాయనుకున్నాడు. ఆ లైన్లు ఉత్తరాలను చూపించేవి కావు, పంపించేవి. ఆ ఆఫీసు కంప్యూటర్ నుంచి ఏది వెళ్ళినా కంపెనీ పేరుతోనే వెళ్తుంది.

తెర మీద ఏమీ రాలేదు. "నా మొహం, ఇదీ పోయింది" అనుకుని టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆఫీసు అట్టుడికిపోతోంది. గోదాము సూపర్‌వైజరు తాళాలగుత్తి మేనేజరు బల్ల మీద విసిరికొట్టి, "నీ బోడి ఉద్యోగం నువ్వే చేసుకో!" అంటూ వెళ్ళిపోయాడు. మేనేజరు తాళాల వైపు కూడా చూడలేదు. "నన్నే తీసేస్తారా? నన్నే?" అంటూ తనకొచ్చిన ఉత్తరమే మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు.

గుమాస్తా గబగబా ముందుకొచ్చాడు. "అవి పంపింది నేనేనండీ... పొరపాటున..."

"విన్నారా! వాడే ఒప్పుకుంటున్నాడు!" మేనేజరు లేచి నిలబడ్డాడు. "హెడ్డాఫీసుతో లాలూచీ పడ్డావన్నమాట!"

"అయ్యో, కాదండీ! జావా నేర్చుకుందామని..."

"నేర్చుకోవడానికి మేమే దొరికామా?" క్యాషియరమ్మ కళ్ళు తుడుచుకుంది. "పోనీ, పొరపాటే అనుకుందాం అన్నయ్యగారూ. అందరికీ వచ్చిన ఉత్తరం మీకెందుకు రాలేదు?"

అదే ఆయనకూ అంతుపట్టలేదు. తన పేరు అందరికంటే పైన రాశాడు కదా! ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని అన్నయ్యగారూ అని పలకరించిన మనిషి, బ్యాగు సర్దుకుని ఆయన మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఆయనకు ఏడుపొచ్చింది. మేనేజరు హెడ్డాఫీసును దుమ్మెత్తిపోస్తూ రాజీనామా పంపి మరీ వెళ్ళాడు.

ఖాళీ ఆఫీసులోంచి గుమాస్తా హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పోలీసులకు పట్టిస్తారనే అనుకున్నాడు.

"అందరూ వెళ్ళిపోయారా?" అంది అవతలి గొంతు.

"వెళ్ళిపోయారండీ. మీరు ఊఁ అంటే చాలు, కాళ్ళు పట్టుకుని వెనక్కి తీసుకొస్తాను."

"వద్దొద్దు! ఆ బ్రాంచి మూసేస్తున్నాం. ఉత్తరం తయారుగా ఉంచమని మీ మేనేజరుకు చెప్పింది మేమే. ఎవరో ఒక్కరికే అనుకున్నాడు కాబోలు. మీ ప్రోగ్రాం భలే పనిచేసిందే! ఇంకెవరైనా మిగిలుంటే వాళ్ళకీ పంపించెయ్యండి."

ఫోన్ పెట్టేశాడు. ఏం చేయాలో తోచక, సంచిలోంచి లావు పుస్తకం తీసి వదిలేసిన చోట తెరిచాడు. నాలుగో పాఠం మొదటి వాక్యంలోనే ఉంది. జావాలో వరస లెక్క ఒకటితో కాదు, సున్నాతో మొదలవుతుంది. ఒకటి అంటే రెండో పేరు. "ఇదమ్మా సంగతి" అని చెప్దామని క్యాషియరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

ప్రోగ్రాం తెరిచి, తన పేరు ఉంచి కింది పేర్లన్నీ తీసేశాడు. ఒకటి కొట్టేసి సున్నా పెట్టాడు. మీట నొక్కగానే జేబులో ఫోన్ టింగుమంది.

ఆయన రాసిన ప్రోగ్రాం ఒక్క తప్పు కూడా లేకుండా పనిచేయడం అదే మొదటిసారి.