ఒక్క పసుపు ఆకు లేకుండా

ఫ్యాను వేసుకోవాలంటే చేపల తొట్టి చుట్టూ తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, వేలు చాచి స్విచ్చి నొక్కాల్సి రావడం పగవాడికి కూడా రాకూడని కష్టం. మన ప్రూఫ్‌రీడరు గారికి వచ్చింది. ఊరెళ్తూ బావమరిది తన తొట్టిని తెచ్చి సరిగ్గా ఆ స్విచ్చి ముందే దింపాడు.

"చేపలకు మేత వెయ్యండి చాలు. తొట్టిలో మొక్కల జోలికి మాత్రం వెళ్ళకండి బావా. మీ ఇంట్లో మనీప్లాంటే బతకలేదు" అని, అదీ అత్తగారి ఎదుటే అనేసి వెళ్ళాడు.

ఆ మాట ముల్లులా దిగింది. ఆదివారం పొద్దున స్విచ్చి కోసం వంగితే, నీళ్ళలో ఆకులన్నీ పసుపు రంగులో కనిపించాయి. ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్ది బతుకుతున్న కళ్ళు ఊరుకుంటాయా? "ఇనుము తక్కువైంది!" అని తేల్చేశాడు. బావమరిది వచ్చేలోగా ఆకులు నిగనిగలాడాలి, మనీప్లాంటు మచ్చ చెరిగిపోవాలి.

పెంపుడు చేపల దుకాణంవాడు రెండు ఇనుము మందు సీసాలు ముందు పెట్టాడు. "ఇది మొక్కకు వెంటనే పడుతుంది సార్, కానీ నీళ్ళలో నిలవదు. ఇది నిదానం, కానీ నిలుస్తుంది. ఇంతకీ మొక్క ఏ రకం?"

"నీళ్ళలో ఉండే రకం."

దుకాణంవాడు రెండు సీసాలనూ ఆయన వైపు జరిపాడు. ఆయన రెండూ కొనేశాడు. మధ్యాహ్నమంతా కళ్ళద్దాలు పెట్టుకుని సీసాల మీది చీటీలు చదివి నాలుగు అచ్చుతప్పులు పట్టాడు గానీ, ఏది పోయాలో తేల్చుకోలేకపోయాడు.

"మీ సంబంధం చూసినప్పుడు కూడా మేమిన్ని వాకబులు చెయ్యలేదు నాయనా" అన్నారు అత్తగారు.

"అదేగా నా బాధ!" అంది భార్య వంటింట్లోంచి.

చివరికి రెండూ చెరో మూతెడు పోశాడు. రోజూ పోశాడు. ఆయన మతిమరుపు ఎరిగిన భార్య, ఆయన ఆఫీసుకు వెళ్ళగానే మరో మూతెడు పోసేది. డాక్టరు రాసిచ్చిన ఇనుము మాత్రలు మింగబుద్ధికాని అత్తగారు, పారేస్తే పాపమని వాటిని నూరి అందులోనే కలిపేవారు. ఎవరి సాయం వాళ్ళదే, ఎవరూ నోరు విప్పలేదు.

నీళ్ళు ముందు పలచటి టీ రంగుకు తిరిగాయి. తర్వాత ఆకుల మీద మందంగా, దుప్పటి కప్పినట్టు, ఆకుపచ్చ రంగు పరుచుకుంది. చేపలు మేత వేసినప్పుడే దర్శనమిచ్చేవి.

"చూశావా, మందు పట్టేసింది!"

"అది నాచేమోనండీ..."

"నీ తమ్ముడి ముందు నేను గెలుస్తుంటే నీకు నాచులాగే కనిపిస్తుందిలే."

ఆగలేక ఆయనే ఫోను చేశాడు. "ఏమోయ్, వచ్చి చూసుకో! నీ తొట్టిలో ఒక్క పసుపు ఆకు లేకుండా చేశాను!"

"ఒక్కటీ... లేదా బావా?"

"ఒక్కటంటే ఒక్కటి!"

"అది బంగారు రకం మొక్క బావా. ఆ రంగు కోసమే ఏడాదిపాటు వెతికి తెప్పించుకున్నాను."

ఫోను పెట్టేసి చూస్తే, చుట్టుపక్కల భార్యా లేదు, అత్తగారూ లేరు.

ప్రస్తుతం ఆయన మోచేతుల దాకా తడుపుకుని, పళ్ళ బ్రష్షుతో ఒక్కో ఆకూ తోముతున్నాడు. నాచు పట్టు వదలడం లేదు. బావమరిది ఎల్లుండి దిగుతాడు. ఆకులను మళ్ళీ పసుపుగా మార్చే మందేదైనా తెలిసినవాళ్ళు దయచేసి చెప్పి పుణ్యం కట్టుకోండి. మనీప్లాంటు పోయేముందు చక్కగా పసుపుబారింది గానీ, అప్పుడేం పోశారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.